లద్దిగుట్ట మీద వెలసిన ఘటాలమ్మ

పూర్వం ఉయ్యాలకొండ దుర్గాన్ని మల్లప్పనాయుడనే పాళెగాడు ఏలుతున్న కాలంలో, ఆ దుర్గానికి తూర్పున రెండామడల దూరాన, పాలవంక వాగు వంపు తిరిగే చోట వేములకోన అనే పల్లె ఉండేది. పల్లెను ఆనుకొని ఒక చిన్న గుట్ట ఉంది. అప్పట్లో ఆ గుట్టకు పేరు లేదు. గుట్ట అంటే చాలు, అందరికీ తెలిసేది. దాని నెత్తిన నాలుగు రాతికంబాల మండపం, ఆ మండపంలో ఘటాలమ్మ తల్లి. ఈ తల్లికి రాతివిగ్రహం లేదు, లోహవిగ్రహమూ లేదు. మట్టికుండే ఆమె శరీరం, ఆ కుండలోని నీళ్లే ఆమె ప్రాణం. ఏటేటా వైశాఖ పూర్ణిమనాడు కొత్త ఘటం చేయించి, వాగులోని చెలమ నీటితో నింపి, ఊరేగింపుగా గుట్ట ఎక్కించి పీఠం మీద నిలిపేవారు. పాత ఘటంలోని నీళ్లను రైతులకు తలా దోసెడు పంచేవారు. ఆ నీళ్లు చిలకరించని విత్తనాన్ని వేములకోనలో ఎవరూ నాగటిచాలులో వేసేవారు కారు.

ఆ ఘటం చేసే హక్కు ఏడు తరాలుగా కుమ్మరి సుంకన్న వంశానిది. ఆ సేవకు ప్రతిగా వాగు వంపులో మన్ను తవ్వుకోవడానికీ, గుట్ట కింద ఇల్లూ, కుండలు కాల్చే ఆవమూ పెట్టుకోవడానికీ పూర్వపు పెద్దలు వారికి అనుమతి ఇచ్చారు. సుంకన్నకు అరవై ఏళ్లు. బక్కపలచని మనిషి, మోకాళ్ల దాకా ఎప్పుడూ ఆరిన మన్ను. భార్య పేరు ఓబులక్క. కూతుళ్లిద్దరూ పెళ్లిళ్లై పొరుగూళ్లలో కాపురం చేస్తున్నారు. ఇంట్లో మిగిలిన మూడో ప్రాణి చిలకమ్మ అనే ఆడగాడిద. వాగు నుంచి మన్ను మోసేదీ, సంతకు కుండలు మోసేదీ అదే.

పనిసామాను విషయంలో సుంకన్న మహా మొండివాడు. వాగు వంపులో మూరెడు లోతున దొరికే నల్లమన్ను తప్ప వేరే నల్లమన్ను ముట్టేవాడు కాదు. గుట్ట వెనుక దొరికే ఎర్రమన్ను తప్ప వేరే ఎర్రమన్ను కలిపేవాడు కాదు. మూడు గంపల నల్లమన్నుకు ఒక గంప ఎర్రమన్ను, ఆ రెంటికీ కలిపి అరగంప చిలకమ్మ లద్ది. లద్దిని ఎండబెట్టి, నలిపి, వెదురుజల్లెడ పట్టి, ఆ పొట్టును మన్నులో చల్లి, వెన్నలా అయ్యేదాకా కాళ్లతో తొక్కేవాడు. ఇది విని ముక్కు మూసుకునేవారు కాసేపు ఆగి కారణం తెలుసుకోవాలి. తడిమన్ను ఆరేటప్పుడు ముడుచుకుంటుంది. ముడుచుకునేటప్పుడు దాన్ని పట్టి ఉంచే నార లేకపోతే పర్రె విచ్చుతుంది. లద్దిలోని గడ్డిపోచే ఆ నార. ఆవంలో ఆ పోచ కాలిపోయి కంటికి కనిపించని సందు మిగులుతుంది. ఆ సందుల వల్లనే కుండ మంటకు పేలదు, ఆ సందుల్లోనే నీరు చెమర్చి కుండ చల్లబడుతుంది. ఆవు మేసిన గడ్డిని మళ్లీ నెమరువేస్తుంది కనుక పేడ మెత్తన, అందులో పోచ నిలవదు. గాడిద నెమరువేయదు. అందువల్ల దాని లద్దిలో పోచ పోచగానే ఉంటుంది. ఈ సంగతి ఏ శాస్త్రంలో రాసి ఉందో తెలియదు గానీ, సుంకన్న కాళ్లకు బాగా తెలుసు.

ఇక అతని పనిముట్లు. సారె, అంటే కుమ్మరిచక్రం మీద సుంకన్న కుండకు మూతి, మెడ, భుజాలు మాత్రమే తీసేవాడు. సారె దిగేటప్పటికి ఏ పెద్దకుండకూ అడుగు ఉండదు. దాన్ని ఒక పూట నీడన ఆరనిచ్చి, ఒళ్లో పెట్టుకొని, లోపల ఎడమచేత్తో ఒక గుండురాయి ఆనించి, బయట కుడిచేత్తో చింతచెక్కతో తట్టి తట్టి, మందంగా ఉన్న గోడను సాగదీసి అడుగు మూసేవాడు. ఆ గుండురాయి అతని ముత్తవ్వ పాలవంకలో ఏరి తెచ్చింది. నాలుగు తరాల అరచేతులు పట్టి పట్టి దానికి ఒక పక్క బొటనవేలంత గుంట పడింది. సన్నని రంధ్రాలున్న గరుకురాయి. బూడిదలో అద్ది పెడితే తడిమన్నుకు అంటుకోదు. “నన్నయినా పుట్టింటికి పంపుతాడు గానీ ఆ రాయిని ఇంకొకరి చేతికియ్యడు” అని ఓబులక్క ఇరుగుపొరుగుతో అనేది. సుంకన్న విని, “పుట్టింటికి పోతే నువ్వు తిరిగొస్తావు. రాయి పోతే వస్తుందా?” అనేవాడు.

ఆ రోజుల్లో మల్లప్పనాయుడు తన సీమలోని గుళ్లన్నిటినీ శాస్త్రప్రకారం నడిపించాలని సంకల్పించి, తూర్పుదేశం నుంచి సింగరాచార్యులనే పండితుణ్ణి రప్పించాడు. ఈ కథ చెప్పేవారిలో కొందరు ఆచార్యులవారిని దుర్మార్గుడిగా చూపిస్తారు. అది అన్యాయం. ఆయన తెల్లవారుజామున చన్నీళ్ల స్నానం చేసి, ఒంటిపూట భోజనంతో, ఒక్క అబద్ధమైనా ఆడకుండా బతికిన నిష్ఠాపరుడు. శుచి అంటే ఆయనకు ప్రాణం. ఆ శుచి ఎక్కడుందో ఆయనకు తెలియకపోవడమే ఈ కథకు మూలం.

ఆచార్యులవారు వేములకోనకు వచ్చిన రోజున సుంకన్న ఘటం కోసం మన్ను తొక్కుతున్నాడు. ఆచార్యులవారు దూరంగా నిలబడి, గుంత పక్కనున్న గంపను చూసి అడిగారు.

“సుంకన్నా, ఆ గంపలో ఏముంది?”

“లద్ది స్వామీ.”

“ఏ లద్ది?”

“మా చిలకమ్మది” అంటూ సుంకన్న గాడిదను చూపించాడు. చిలకమ్మ తన పేరు విని చెవులు ఆడించింది.

ఆచార్యులవారు రెండడుగులు వెనక్కు వేశారు. “అమ్మవారి ఘటంలో గాడిద లద్ది కలుపుతున్నావా?”

“మా తాత కలిపినాడు, మా నాయన కలిపినాడు, నేనూ కలుపుతున్నా. లేకుంటే కుండ నిలవదు స్వామీ.”

“ఆవుపేడ పవిత్రం కదా, అది కలపరాదా?”

“అలికేదానికి ఆవు, కాల్చేదానికి గాడిద స్వామీ. దేని పని దానిది.”

ఆ మాట ఆచార్యులవారి చెవికి ఎగతాళిలా వినిపించింది. ఆయన ఆ రోజే దుర్గానికి కబురు పంపారు. పది రోజులు తిరగకముందే మల్లప్పనాయుడి ఆజ్ఞ వచ్చింది. ఇకమీదట అమ్మవారి ఘటంలో లద్ది, పొట్టు, బూడిద వంటివేవీ కలపరాదు. మన్నును పట్టుబట్టతో ఏడుసార్లు వడగట్టి, పన్నీటితో తడిపి పిసకాలి. చింతచెక్కకు బదులు శ్రీగంధపు చెక్క, గుండురాయికి బదులు దొరవారి ఖజానా నుంచి పంపిన పాలరాతి గుండు వాడాలి. ఇంటింటికీ అమ్మే కుండల సంగతి వారికి పట్టలేదు. అమ్మవారి ఘటం మాత్రం నిర్మలంగా ఉండాలి.

సుంకన్న గంధపుచెక్కను వాసన చూసి, పాలరాతి గుండును అరచేతిలో పెట్టి చూసుకొని, “పెండ్లికొడుకు చేతికిచ్చేవి నా చేతికిచ్చినారు” అన్నాడు. అయినా ఆజ్ఞ ఆజ్ఞే. చెప్పినది చెప్పినట్టు చేశాడు. నున్నని పాలరాయి తడిమన్నుకు జలగలా అంటుకొని, తీసినప్పుడల్లా లోపలి పొరను లాగేసింది. బూడిద అద్దితే అంటుకోదు, కానీ బూడిద నిషిద్ధం. ఆ ఏడు ఘటం ఆవంలోనే పేలి ముక్కలైంది. పాత ఘటాన్నే మరో సంవత్సరం ఉంచవలసి వచ్చింది. రెండో ఏడు సుంకన్న మంటను మూడు రోజులు సన్నగా సాగదీసి ఎలాగో ఘటాన్ని బయటికి తీశాడు. కానీ గుట్ట సగం ఎక్కేసరికి అడుగు చెమర్చి, మోసేవాడి వీపు మీదుగా నీళ్లు కారిపోయాయి. నెల తిరిగేసరికి పీఠం మీద ఒట్టికుండ మిగిలింది. ఆ ఏడు జొన్నచేలు మోకాలెత్తు దాటలేదు. తల్లి ప్రాణం కారిపోయిందని ఊరంతా కుమిలింది.

ఇందులో తప్పు మన్నుది కాదనీ, చేసేవాడి మనసు నిర్మలంగా లేదనీ ఆచార్యులవారు చిత్తశుద్ధితోనే నమ్మారు. మల్లప్పనాయుడు ఊరి నడుమ నిలబడి తీర్పు చెప్పాడు. మూడోసారి కూడా ఘటం పగిలితే సుంకన్న ఆ పూటే ఇల్లు విడిచి, వేములకోన ఎల్ల దాటి పోవాలి. వాగు వంపులో మన్ను తవ్వే హక్కు దుర్గంలోని మరో కుమ్మరికి చెందుతుంది.

ఆ తీర్పు విన్నాక ఓబులక్కకు అన్నం సహించలేదు. మూడో ఏటి ఘటానికి మన్ను వడగడుతున్న భర్త పక్కన కూర్చొని, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అంది.

“పిడికెడు కలుపయ్యా. మన్నులో మన్నైపోయేదాన్ని ఎవరు చూస్తారు?”

“కాలినాక ఆచార్యులకూ కనపడదు, దొరకూ కనపడదు. అమ్మకు కనపడదా?”

“ఇన్నేండ్లు అమ్మకు తెలిసే పెట్టినావు గదా. అప్పుడు రాని కోపం ఇప్పుడొస్తుందా?”

“అప్పుడు గంప పక్కన పెట్టుకొని పట్టపగలు కలిపినా. ఇప్పుడు దాచి కలిపితే అది లద్ది కాదే, దొంగతనం. చెప్పి కలుపుతా, లేదంటే కలపనే కలపను.”

“నీ మొండితనం వల్ల మనం చెట్టు కిందికి పోతాం.”

“పోతే చెట్టు కిందనే ఆవం పెడతా.”

“మన్నో?” అని అడిగింది ఓబులక్క.

సుంకన్న వాగు వంపు వైపు చూసి, మళ్లీ పట్టుబట్ట చేతిలోకి తీసుకున్నాడు. పిడికెడు లద్దితో తీరిపోయే కష్టాన్ని ఆ పిడికెడు దాచవలసి వస్తుందన్న ఒక్క కారణంతో అతడు నెత్తిన పెట్టుకున్నాడు. ఈ సంగతిని భక్తులు ప్రత్యేకంగా గుర్తుంచుకోవాలి. సుంకన్న చాటుగా లద్ది కలిపాడని, అందుకే అమ్మ కరుణించిందని చెప్పేవారు ఉన్నారు. అది శుద్ధ అబద్ధం.

పూర్ణిమకు సరిగ్గా ఏడు రోజుల ముందు, పొద్దు నడినెత్తికి వచ్చిన వేళ, ఒక స్త్రీ సుంకన్న వాకిట్లోకి వచ్చింది. నడివయసు మనిషి. మోచేతుల దాకా పచ్చబొట్లు, నెత్తిన చుట్టకుదురు, చేతులు ఖాళీ. వాకిట్లో ఒక పక్క సంతకు పోవలసిన కుండలు బోర్లించి ఉన్నాయి. అవి ఎప్పటిలాగా లద్ది కలిపి చేసినవి. మరో పక్క అరుగు మీద, ఆవం నుంచి దించిన అమ్మవారి ఘటం ఒంటరిగా ఉంది. అది ఈసారి పేలకుండా బయటపడినందుకు సుంకన్న కొంత ధైర్యంగానే ఉన్నాడు.

“ఏమప్పా, కుండలకు గడ్డి పరిచినావు గానీ మనిషికి పీట వేసేది లేదా?” అంది ఆమె.

ఓబులక్క నవ్వి పీట వేసింది. ఆమె కూర్చోనే లేదు. కుండ కొనేవారెవరైనా చేసేటట్టే, ఒక్కొక్క కుండనూ చేతిలోకి తీసుకొని వేలిమడతతో తట్టి, చెవి ఆనించి వినసాగింది.

“దీనికి జలుబు చేసింది.”

“అది ఆవం అంచున కాలింది తల్లీ, పక్కన పెట్టు” అన్నాడు సుంకన్న.

“ఇది గొణుగుతుంది. నా పక్కింటామె మాదిరి.” మరొకటి తట్టింది. ఖంగున మోగింది. “ఇదీ కుండంటే!” అని దాన్ని చంకన పెట్టుకుంది. అది మామూలు గంజికుండ. తరువాత ఆమె అరుగు వైపు నడిచింది.

“అది ముట్టుకోవద్దు తల్లీ. అమ్మవారిది” అని సుంకన్న లేచాడు.

“తడితే అరిగిపోతుందా?” అని ఆమె ఘటాన్ని తట్టింది. దబ్బుమంది. మళ్లీ తట్టింది. మళ్లీ దబ్బుమంది. “ఇది మూగది గదప్పా. నాకు అమ్మే కుండ ఖంగుమంటుంది, అమ్మకిచ్చే కుండ దబ్బుమంటుంది. ఇదేం న్యాయం?”

సుంకన్న తల వంచుకున్నాడు. “అందులో లద్ది లేదు తల్లీ.”

“ఎందుకు లేదు?”

“మైల అన్నారు.”

“ఎవరు, అమ్మ అనిందా?”

“ఆచార్యులవారు అన్నారు. అమ్మ నాతో ఎప్పుడు మాట్లాడింది తల్లీ?”

“నువ్వు ఎప్పుడు అడిగినావు?” అంది ఆమె.

ఆమె చంకలోని గంజికుండను సవరించుకుంది. ఆ సీమలో ఒక ఆచారం ఉంది. కుండ తీసుకుపోయినవారు ఏడు రోజులు నీళ్లు పోసి చూస్తారు. నీళ్లు నిలిస్తే కుండ వారిది, కారితే తెచ్చి కుమ్మరి వాకిట్లో పగలగొడతారు. కుమ్మరి మారుమాట్లాడకుండా వేరే కుండ ఇవ్వాలి. ఆమె ఆ ఆచారాన్నే గుర్తుచేసింది.

“ఏడు దినాలు నీళ్లు పోసి చూస్తా. కారిందంటే నీ వాకిట్లో కొడతా. కారకుంటే నా తావునే ఉంటుంది, వచ్చి చూసుకో.”

“ఏ ఊరు తల్లీ నీది?”

“ఇక్కడే, పైన” అని ఆమె గడ్డంతో గుట్ట వైపు చూపించి వెళ్లిపోయింది. గుట్ట అవతల మేకలు కాసేవారి పల్లె ఒకటి ఉంది. ఆమె అక్కడి మనిషే అనుకున్నారు ఆ దంపతులు.

వైశాఖ పూర్ణిమ వచ్చింది. ఎండ మండుతోంది. వాగులోని చెలమలో జానెడు నీళ్లే ఉన్నాయి. మల్లప్పనాయుడు గుర్రం దిగి నిలబడ్డాడు. ఊరూ చుట్టుపక్కల పల్లెలూ అక్కడ చేరాయి. ఆచార్యులవారు మంత్రాలు చదువుతుండగా ఘటంలో చెలమ నీళ్లు పోయడం మొదలుపెట్టారు. ఒక చెంబు, రెండు చెంబులు, పది చెంబులు. పన్నెండో చెంబు పోస్తుండగా మూతి దగ్గర వెంట్రుకంత గీత పుట్టింది. అది అందరూ చూస్తుండగానే భుజం మీదుగా అడుగు దాకా పాకింది. ఘటం పండిన దోసకాయలా రెండు చెక్కలైంది. నీళ్లు వాగు ఇసుకలో ఇంకిపోయాయి.

తరువాత మల్లప్పనాయుడు అడిగాడు. “సుంకన్నా, మాట గుర్తుందా?”

“ఉంది దొరా. పోతా. గాడిద మీద సామాను వేసుకొని వచ్చేదాకా ఆగండి.”

సుంకన్న ఇంటికి పోయి, గుండురాయి, చింతచెక్క, సారె తిప్పే కర్ర, వెదురుజల్లెడ, సగం నిండిన లద్దిగంప చిలకమ్మ మీద వేసుకొని తిరిగి వచ్చాడు. వెనుక ఓబులక్క కొంగుతో కళ్లు తుడుచుకుంటూ నడిచింది. అతడు ఎల్ల వైపు పోలేదు. గుట్ట దారి పట్టాడు.

“ఎల్ల అటు కాదు సుంకన్నా” అన్నాడు దొర.

“తెలుసు దొరా. ఈ రాయి మా ముత్తవ్వకు అమ్మ తన వాగులో ఇచ్చింది. అమ్మ మన్నే నాకు లేనప్పుడు అమ్మ రాయి నాకెందుకు? ఆమెకే అప్పజెప్పి పోతా. పోయే ముందు ఒక మాట అడుగుతా, లద్ది నీకు మైలనా అని. ఆ మాట అడగకనే మూడేండ్లు పోగొట్టుకున్నా.”

ఆచార్యులవారు అడ్డం వచ్చారు. “గాడిదను తోలుకొని అమ్మవారి గుట్ట ఎక్కుతావా?”

“ఇంత బరువు నేను మోయలేను స్వామీ. మీరు మోస్తారా?”

ఆ విషాదంలోనూ ఎవరో వెనుక కిసుక్కున నవ్వారు. మల్లప్పనాయుడు చేయి ఎత్తి, పోనివ్వమని సైగ చేశాడు. ఆచార్యులవారు దారి వదిలి, వెంట నడిచారు. వారి వెనుక జనమంతా నడిచారు. మండపం చుట్టూ తడిక కట్టి ఉంది. ముందురోజు ఆచార్యులవారే స్వయంగా పాత ఒట్టికుండను తీసివేసి, పీఠాన్ని కడిగి, తడిక మూసి, దర్భతాడుతో తన చేతి ముడి వేసి వచ్చారు. ఆ ముడి వేసినది వేసినట్టే ఉంది. చిలకమ్మ తడిక ముందు ఆగింది. ఎంత అదిలించినా కదలలేదు. కదలకపోగా, సరిగ్గా గడప ముందు లద్ది వేసింది. ఆచార్యులవారు కళ్లు మూసుకున్నారు. ఓబులక్క “అయ్యో, నీ పాసుగాల! ఇప్పుడేనా నీకు?” అని గాడిద వీపు మీద ఒకటి వేసింది.

ఆచార్యులవారు తన ముడి తానే విప్పి తడిక తీశారు. ఒట్టిగా ఉండవలసిన పీఠం మీద గంజికుండ ఉంది. నిండుగా, అంచుకు తాకుతూ నీళ్లు. కుండ వెలుపల ముత్యాల్లాంటి చెమట. ఆ ఎండలో, జానెడు నీళ్లున్న వాగుకు అంత ఎత్తున, ఆ నీరు చల్లగా నిలిచి ఉంది.

ముందుగా గుర్తుపట్టింది ఓబులక్క. “ఏమయ్యా, ఇది మన కుండ గదా! మూతి కింద నీ గోటి గీత చూడు. ఆ పచ్చబొట్లామె తీసుకపోయింది.”

సుంకన్న వేళ్ల మీద రోజులు లెక్కపెట్టాడు. ఏడు. “కారకుంటే నా తావునే ఉంటుంది, వచ్చి చూసుకో” అన్న మాట అప్పుడు అతనికి అర్థమైంది. ఆమె వచ్చిన సంగతి అంతా అక్కడే అందరికీ చెప్పాడు. అతడు ముందుకు వెళ్లి, వేలిమడతతో కుండను ఒక్కసారి తట్టాడు. ఖంగుమని మోగింది. ఆ మోత నాలుగు కంబాలనూ తాకి, గుట్ట దిగి, వాగు అవతలి గట్టును తాకి తిరిగి వచ్చింది. అడగాలని వచ్చిన మాట అతడు అడగనే లేదు. అడగవలసిన అవసరం లేకపోయింది.

ఆచార్యులవారు కుండ దగ్గరికి వచ్చారు. తొలిసారి వచ్చిన నాడు అడిగినట్టే అడిగారు, గొంతు మాత్రం వేరు.

“సుంకన్నా, ఈ కుండలో ఏముంది?”

“మూడు పాళ్లు నల్లమన్ను, ఒక పాలు ఎర్రమన్ను, అరపాలు చిలకమ్మ లద్ది. దాచింది ఏమీ లేదు స్వామీ.”

“అమ్మ ఏడు రోజులు పరీక్షించి కైకొన్న దాన్ని నేను ఒక్కరోజైనా పరీక్షించకుండా తోసివేశాను” అని ఆచార్యులవారు ఆ గడప ముందే సాష్టాంగపడ్డారు. లేచి, చిలకమ్మ మీది లద్దిగంపను రెండు చేతులా దించి, తన నెత్తిన పెట్టుకొని, మండపం చుట్టూ మూడుసార్లు ప్రదక్షిణం చేశారు. “మోస్తారా అని అడిగావు కదా సుంకన్నా, మోస్తున్నాను” అన్నారు. సుంకన్న మొండివాడే గానీ రాతిమనిషి కాడు. అతడు ఏడ్చాడు. మల్లప్పనాయుడు అక్కడే, ఆ కుండ సాక్షిగా, వాగు వంపులోని మన్ను ఆచంద్రార్కం సుంకన్న వంశానిదేనని ప్రకటించాడు. ఆ కుండలోని నీటినే ఆ ఏడు విత్తనాల మీద చిలకరించారు. రోహిణి కార్తె వెళ్లిన మూడో నాడు వాన కురిసింది.

గంధపుచెక్కనూ పాలరాతి గుండునూ దొర తిరిగి అడగలేదు. వాటిని పారవేయమని ఊరివారు అంటే సుంకన్న ఒప్పుకోలేదు. “మన్నుకు పనికిరాని రాయి పసుపుకు పనికొస్తుంది” అన్నాడు. నేటికీ అమ్మవారి పసుపు నూరేది ఆ పాలరాతితోనే. ముత్తవ్వ గుండురాయి మాత్రం మండపంలో పీఠం పక్క గూటిలో, నీళ్ల మూకుడులో ఉంటుంది. ఏడాదికొకసారి ఘటం అడుగు మూయడానికి సుంకన్న పెద్దకూతురి వంశంవారు దాన్ని కిందికి తెచ్చి, పని కాగానే తిరిగి పైకి చేరుస్తారు. దాని మీది బొటనవేలి గుంటను భక్తులు కళ్లకద్దుకుంటారు.

ఆనాటి నుంచి ఆ గుట్టకు లద్దిగుట్ట అని పేరు వచ్చింది. దేవతాస్థలానికి ఇదేం పేరని నవ్వేవారు నవ్వవచ్చు. మధ్యలో ఒక అధికారి ఈ పేరును పుష్పగిరిగా మార్చాలని చూస్తే ఊరు ఊరంతా కాదంది. ఈ గుడిలో గంట లేదు. వచ్చినవారు ఘటాన్ని వేలిమడతతో ఒక్కసారి తట్టి, ఆ మోత ఆగేలోపల తమ కోరిక చెప్పుకుంటారు. వైశాఖ పూర్ణిమనాడు తొలి పసుపుకుంకాలు గాడిదకు. దాని తరువాతే ఎంతటి పెద్దమనిషికైనా. ఘటానికి కావలసిన లద్దిగంపను పట్టుబట్ట కప్పి, నెత్తిన పెట్టుకొని గుట్ట ఎక్కించే గౌరవం సింగరాచార్యులవారి వంశంవారిది. ఆ గౌరవాన్ని వారు ఇంతవరకు ఎవరికీ వదులుకోలేదు.

కొత్త ఘటం నిండిన తరువాత, దాన్ని పీఠం ఎక్కించే ముందు, జనమంతా నిశ్శబ్దంగా నిలబడతారు. ఆచార్యులవారి వంశంవారు ఘటానికి ఎదురుగా నిలబడి, అందరికీ వినపడేటట్టు అడుగుతారు: “ఇందులో ఏముంది?” కుమ్మరి అంతకంటే గట్టిగా చెబుతాడు: “మూడు పాళ్లు నల్లమన్ను, ఒక పాలు ఎర్రమన్ను, అరపాలు గాడిద లద్ది. దాచింది ఏమీ లేదు.” లద్దిగుట్ట మీద అమ్మవారికి చదివే మంత్రం అదొక్కటే. ఆ మాట పూర్తయ్యాక కుమ్మరి ఘటాన్ని తడతాడు. అది మోగిన తరువాతే అందరూ చేతులు జోడిస్తారు.